జీవిత లక్ష్యం, వినయం: కతోలిక బోధనలో ఈ రెండూ విడివిడిగా ఎందుకు దొరకవు

2025 నవంబర్ 1న, సకల పునీతుల (సెయింట్ల) పండుగ నాడు, పోపు 14వ లియో ఇంగ్లండుకు చెందిన పునీత జాన్ హెన్రీ న్యూమన్‌ను శ్రీసభ పండితుడిగా ప్రకటించారు. శ్రీసభ అంటే కతోలిక సభ, తన గొప్ప బోధకులకు అది ఇచ్చే బిరుదు ఇది. 1801లో పుట్టి 1890లో కన్నుమూసిన న్యూమన్ రాసుకున్న ఒక ధ్యానం కతోలిక ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది. దేవుడు తనను ఒక నిర్దిష్టమైన పని కోసం సృష్టించాడని, ఆ పనిని మరెవరికీ అప్పగించలేదని దాని సారం. వినేవారికి ఉత్సాహం కలిగించే మాట ఇది. ఆ వెంటనే వచ్చే మాటను మాత్రం చాలామంది వదిలేస్తారు: ఆ పని ఏమిటో ఈ లోకంలో ఉన్నంతకాలం తనకు తెలియకపోవచ్చు, తర్వాతే తెలుస్తుంది అంటాడు న్యూమన్.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. దేవుడు తన జీవితానికి ఒక ప్రణాళిక వేశాడని నమ్మే కుర్రాడు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో అదేమిటో చెప్పమని అడుగుతాడు. నలభై దాటాక ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఆ ప్రణాళిక ఏమైపోయిందని అడుగుతాడు. 14వ లియో పోపుగా ఎన్నికైన రెండు రోజులకు, 2025 మే 10న, కార్డినళ్లకు తన పేరు వెనక కారణం చెప్పారు. 1891లో కార్మికుల స్థితిగతులపై విశ్వలేఖ (సభ మొత్తానికి పోపు రాసే బోధనా లేఖ) రాసిన 13వ లియోను తలచుకునే ఆ పేరు ఎంచుకున్నానని, కృత్రిమ మేధ ఇప్పుడు శ్రమకూ మనిషి గౌరవానికీ కొత్త సవాళ్లు తెస్తోందని అన్నారు. చేసే ఉద్యోగమే మనిషి గుర్తింపైపోయిన కాలంలో ఉద్యోగం పోతే మిగిలేదేమిటి? హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుటుంబాలకూ, అమెరికాలో వీసా మీద నెట్టుకొస్తున్న తెలుగువారికీ ఇది ఊహల్లో ఉన్న ప్రశ్న కాదు.

## క్లుప్తంగా

కతోలిక బోధనలో లక్ష్యం రెండు స్థాయుల్లో ఉంటుంది. మొదటిది అందరికీ ఒకటే, ముందే చెప్పేసినది. రెండోది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఆ రెండోదాన్ని కనబడనివ్వనిది సాధారణంగా తన గురించి తాను కట్టుకున్న గొప్ప, లేదా తనను తాను చూసుకునే చిన్నచూపు. ఆ రెండింటినీ సరిచేసే సాధనం వినయం. దానికి నిర్దిష్టమైన రోజువారీ పద్ధతులున్నాయి. వాటిని అపార్థం చేసుకుంటే అతి అపరాధ భావానికో, అన్యాయాన్ని మౌనంగా మోయడానికో దారితీస్తాయి. ఈ రెండు ప్రమాదాలకూ బోధనలోనే విరుగుడు ఉంది, అయితే దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

## 'పిలుపు' అందరిదీ ఎలా అయింది

చాలాకాలం 'దేవుని పిలుపు' అంటే గురువు (ఫాదర్) కావడమో, కన్యస్త్రీ మఠంలో చేరడమో అన్న అర్థమే విశ్వాసుల్లో నాటుకుపోయింది. తెలుగు విచారణల్లో (ఒక్కో గుడి పరిధిలోని విశ్వాసుల సంఘాల్లో) ఇప్పటికీ 'పిలుపు అందుకున్నాడు' అంటే సెమినరీకి వెళ్లాడనే అనుకుంటారు. పెళ్లి చేసుకుని, పొలమో దుకాణమో చూసుకునేవాళ్లు దేవుడి లెక్కలో రెండో వరుస అన్నమాట.

ఈ ఆలోచనను మొదట గట్టిగా కదిలించినవారిలో జెనీవా బిషప్ పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ ఒకరు. 1609లో వెలువడిన తన పుస్తకంలో ఆయన చెప్పింది ఇది: భక్తి అందరికీ ఒకే కొలతలో కుట్టేది కాదు. బిషప్ ఏకాంతవాసిలా ఒంటరిగా కూర్చుంటే, సంసారి కపూచిన్ సన్యాసిలా పైసా కూడబెట్టనంటే, చేతిపనివాడు పొద్దస్తమానం గుడిలోనే ఉంటే ఆ భక్తి నవ్వులపాలవుతుంది. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ కూడా న్యాయమైన ప్రతి వృత్తీ దేవుని పిలుపేనన్నాడు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లే కాబట్టి ఈ భావన ఇక్కడ కతోలికేతరులకూ కొత్త కాదు. ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబర్ 21న శ్రీసభ స్వరూపంపై ప్రకటించిన పత్రంలో ఐదో అధ్యాయం మొత్తాన్ని దీనికే కేటాయించింది. పవిత్రతకు పిలుపు జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరిదీ. గృహస్థులు లోక వ్యవహారాలను వదిలిపెట్టి కాకుండా వాటి నడుమే దాన్ని అందుకుంటారు.

1981లో పోపు రెండవ జాన్ పాల్ శ్రమపై రాసిన విశ్వలేఖ దీనికి ఇంకో ముక్క జోడించింది. పనికి విలువ ముందుగా ఆ పని ఏమిటన్న దాన్నిబట్టి రాదు. చేస్తున్నది ఒక మనిషి కావడం వల్ల వస్తుంది. ఊడ్చేవాడి పనినీ, సర్జన్ పనినీ జీతం వేరు చేస్తుంది. ఈ కొలత వేరు చేయదు.

## అన్నిటికన్నా ముందున్న సూత్రం

స్పెయిన్ దేశపు బాస్క్ యోధుడు ఇగ్నేషియస్ లొయోలాకు 1521 మే 20న పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచాన పడ్డాక వీరగాథలు దొరకక, ఇంట్లో ఉన్న క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు చదివాడు. అప్పుడు ఒక తేడా గమనించాడు. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం తాను చేయబోయే సాహసాల గురించి కలలు కంటే అంతసేపూ బాగుండేది, తర్వాత మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే ఆ ఆనందం తర్వాత కూడా నిలిచేది. ఆయన పద్ధతి మొత్తం ఈ చిన్న గమనింపు మీద లేచింది: కోరిక కలిగినప్పటి ఉద్వేగాన్ని వదిలేసి, అది వెళ్లిపోయాక మిగిలిన రుచి చూడాలి.

స్పెయిన్‌లోని మన్రేసా పట్టణంలో మొదలై ఏళ్ల తరబడి పెరిగిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథాన్ని పోపు మూడవ పౌలు 1548 జూలై 31న ఆమోదించారు. దాని 23వ పేరాలో మూల సూత్రం ఉంటుంది. మనిషి దేవుణ్ని స్తుతించి, గౌరవించి, సేవించి తద్వారా తన ఆత్మను రక్షించుకోవడానికి సృష్టించబడ్డాడు. మిగతావన్నీ అందుకు పనిముట్లు. ఎంతవరకు ఉపయోగపడితే అంతవరకు వాడాలి, అడ్డమైతే వదలాలి. ఆరోగ్యమా అనారోగ్యమా, సంపదా పేదరికమా, పరువా అవమానమా, దీర్ఘాయువా అల్పాయువా అన్నవాటిలో ముందే ఒకవైపు మొగ్గకూడదు. తెలుగు పాఠకుడికి ఇక్కడ నిష్కామకర్మ గుర్తొస్తుంది. పోలిక కొంతవరకే. గీత ఫలం మీద ఆశను వదలమంటుంది. ఇక్కడ వదలాల్సింది మార్గం మీద ముందస్తు పట్టుదలను. గమ్యం మీద కోరిక మాత్రం తీవ్రంగానే ఉండాలి.

ఈ క్రమంలో ఒక లాభం ఉంది. ఉద్యోగం పోయినవాడు పనిముట్టును పోగొట్టుకున్నాడు. లక్ష్యాన్ని పోగొట్టుకోలేదు. బాధ తగ్గకపోవచ్చు గానీ, తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం మారిపోతుంది.

## వినయం: ఒక కొలత

వేదాంతి థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే వినయాన్నీ మహాశయత్వాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ కొట్టుకోవని చూపించాడు. దేవుడిచ్చిన వరాలను చూసుకుని పెద్ద పనులకు తాను తగినవాడినని అనుకోవడం మహాశయత్వం. తన సొంత లోటును చూసుకుని తగ్గి ఉండడం వినయం. ఒకే మనిషి రెండూ చేయగలడు, ఎందుకంటే చూస్తున్న వస్తువులు వేరు. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని అవిలాపురి తెరేజమ్మ దీన్ని ఇంకా కుదించింది: వినయమంటే సత్యంలో నడవడం. బాగా పాడేవాడు 'నాకు పాట రాదండీ' అనడం ఈ లెక్కన వినయం కిందికి రాదు, అబద్ధం కిందికి వస్తుంది.

సిద్ధాంతాన్ని సంస్థగా ఎలా మార్చాలో మఠాధిపతి పునీత బెనెడిక్ట్ నియమావళి చూపిస్తుంది. 6వ శతాబ్దంలో ఇటలీలోని మోంతె కాసినో మఠం కోసం రాసిన ఈ 73 అధ్యాయాల నియమావళిలో ఏడో అధ్యాయం వినయానికి పన్నెండు మెట్లు చెబుతుంది. అందరూ ఉదహరించేది దాన్నే. అసలు పదును 57వ అధ్యాయంలో ఉంది. మఠంలో చేతిపని తెలిసినవారు వినయంతో ఆ పని చేసుకోవచ్చు. తన నైపుణ్యం వల్లే మఠానికి లాభం వస్తోందని ఎవరైనా గర్వపడితే అతన్ని ఆ పని నుంచి తప్పించాలి, వినయం నేర్చుకున్నాక మఠాధిపతి చెబితేనే మళ్లీ చేయాలి. వస్తువులను బయటి ధర కన్నా కొంచెం తక్కువకే అమ్మాలి. ఆదాయం తగ్గినా సరే, మనిషి తన ప్రతిభకు బానిస కాకూడదన్న లెక్క ఇది. ఏ కంపెనీ మానవ వనరుల విభాగమూ ఒప్పుకోని నిబంధన. అదే నియమావళి 31వ అధ్యాయం మఠం సామాన్లను బలిపీఠం మీది పవిత్ర పాత్రల్లా చూసుకోమంటుంది. 35వ అధ్యాయం వంటపనిని వంతులవారీగా అందరికీ పంచుతుంది. వినయం మీద ప్రసంగాలకన్నా వంటింటి వంతులు ఎక్కువ పని చేస్తాయని బెనెడిక్ట్‌కు తెలిసినట్టుంది.

మఠం బయట వంతులూ ఉండవు, మఠాధిపతీ ఉండడు. అందుకే గృహస్థులకు కావలసినది వెంట తీసుకెళ్లగలిగే పద్ధతి.

## రాత్రి పదిహేను నిమిషాలు

ఇగ్నేషియస్ గ్రంథం 43వ పేరాలో ఆత్మపరిశోధనకు ఐదు అంశాలున్నాయి. ముందు, ఆ రోజు అందుకున్న మేలులకు కృతజ్ఞత. రెండు, తన లోపాలను చూడగలిగే వరం కోసం ప్రార్థన. మూడు, లేచిన దగ్గర్నుంచి గంటగంటకూ, ముందు ఆలోచనలు, తర్వాత మాటలు, తర్వాత చేతలు లెక్క చూసుకోవడం. నాలుగు, క్షమాపణ. ఐదు, రేపటికి ఒక దిద్దుబాటు. పరలోక జపంతో ముగింపు. పది పదిహేను నిమిషాలు చాలు.

ఈ వరుస మారిస్తే ఫలితమే మారిపోతుంది. చాలామంది చేసే పొరపాటు కృతజ్ఞతను దాటేసి నేరుగా తప్పుల జాబితాకు వెళ్లడం. అప్పుడు పరిశోధన కాస్తా తనను తాను తిట్టుకోవడంగా మారి, వారం తిరక్కుండానే మానేస్తారు. ముందు మేలులు గుర్తుచేసుకుంటే, ఆ రోజు తన ఘనత అనుకున్నదాంట్లో ఎంత భాగం ఇతరుల చేతుల మీదుగా వచ్చిందో కనబడుతుంది. రాత్రి డ్యూటీ నర్సుకు ముందు షిఫ్టు వాళ్లు చార్టు సరిగా రాసిపెట్టడం, బడి పంతులుకు ఇంట్లో ఎవరో పొద్దున్నే లేచి కట్టిన క్యారేజీ ఇలాంటివి. వినయం ఇక్కడ విడిగా ప్రయత్నించి తెచ్చుకునేది కాకుండా, లెక్క సరిగా రాయడం వల్ల వచ్చే ఫలితం అవుతుంది.

రెండో పొరపాటు 'ఈ రోజు బాగానే గడిచింది' అని టోకున తేల్చేయడం. గంటగంటకూ చూడమన్నది దీన్ని ఆపడానికే. మూడోది ఇతరుల తప్పులను పరిశోధించడం. నాలుగోది పక్క మీద వాలి చేయడం, ఫలితం అందరికీ తెలిసిందే. మామూలు డైరీకీ దీనికీ ఉన్న తేడా రెండో అంశంలో ఉంది: డైరీలో చూసేదీ తీర్పు చెప్పేదీ తానే. ఇక్కడ చూపు సరిగా ఉండాలని ముందు మరొకర్ని అడగాలి.

## ఒక్క లోపం, రెండు గీతలు

అదే గ్రంథంలో 24 నుంచి 31 వరకు ఉన్న పేరాలు మరీ ఆచరణాత్మకం, మరీ తక్కువగా వాడబడేవి కూడా. వాటిలోది 'ప్రత్యేక పరిశోధన'. ఎంచుకోవలసింది ఒక్క లోపమే. ఉదాహరణకు మీటింగుల్లో ఎదుటివాళ్ల మాటకు అడ్డుపడడం. పొద్దున లేవగానే దాని గురించి జాగ్రత్త తీసుకోవాలి. మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి లెక్క చూడాలి. రోజుకు రెండు గీతలు: పై గీత మీద మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు తప్పాడో అన్ని చుక్కలు, కింది గీత మీద రాత్రి దాకా. తప్పిన ప్రతిసారీ ఎవరికీ తెలియకుండా గుండె మీద చెయ్యి వేసుకోవడం గుర్తు. రెండో గీతను మొదటిదానితో, ఇవాళ్టిని నిన్నటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చాలి. గ్రంథంలో వేసిన పట్టికలో మొదటి రోజు గీతలు పొడవుగా ఉండి, తర్వాతి రోజుల్లో పొట్టి అవుతూ పోతాయి. చుక్కలు తగ్గుతాయన్న అంచనా అది.

ఇందులో చెడేది ఎక్కడంటే, 'గర్వం' వంటి పెద్ద మాటను ఎంచుకోవడం దగ్గర. గర్వానికి చుక్క పెట్టలేరు. మాటకు అడ్డుపడడానికి, వచ్చిన మెప్పులో తోటివాడి వాటా చెప్పకపోవడానికి, ఇంట్లో పనిమనిషిని పేరు లేకుండా పిలవడానికి పెట్టగలరు.

చిన్నవాటి దగ్గరే ఈ సాధన జరగాలన్నదాన్ని బోధనగా నిలబెట్టింది చిన్న తెరేజమ్మ. 15 ఏళ్ల వయసులో, 1888లో, ఫ్రాన్సులోని లిజియె కార్మెల్ మఠంలో చేరి, 24 ఏళ్ల వయసులో, 1897లో, క్షయతో మరణించింది. బట్టలుతికేచోట ఎదుటి సిస్టర్ మురికి నీళ్లు మొహం మీద చిమ్ముతుంటే తుడుచుకోకుండా ఊరుకోవడం, ప్రార్థన వేళ వెనక నుంచి వచ్చే విసుగెత్తించే చప్పుడును సహించడం ఆమె చెప్పుకున్న విజయాలు. చరిత్రలో నిలిచే పనేదీ లేదు. 1997లో ఆమెనూ శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

## ఉద్యోగం మారాలా? నాలుగు జాబితాల లెక్క

రెండో స్థాయి లక్ష్యం తేలేది పెద్ద నిర్ణయాల దగ్గర. ఇగ్నేషియస్ వీటికి హద్దులు గీస్తాడు. ఎంపిక మంచివాటి మధ్యే జరగాలి. లంచం ఉద్యోగమా నిరుద్యోగమా అన్నది ఈ పద్ధతి కిందికి రాదు. వివాహం, గురుపట్టం వంటి మార్చరాని నిర్ణయాలను మళ్లీ తిరగదోడకూడదు, వాటిలో బాగా బతకడం ఎలాగో మాత్రమే చూడాలి. త్రాసు ముల్లు నడిమధ్య నిలిచినట్టు మనసు ఏ పక్కకూ ఒరగకుండా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

ఆపైన నాలుగు జాబితాలు. హైదరాబాద్ ఉద్యోగం వదిలి సొంత జిల్లాకు వెళ్లాలా అన్నది ప్రశ్న అనుకుంటే: వెళ్తే లాభాలు, వెళ్తే నష్టాలు, వెళ్లకపోతే లాభాలు, వెళ్లకపోతే నష్టాలు. మొదటిదీ నాలుగోదీ ఒకటేనని తోస్తుంది గానీ రాస్తే వేరుగా వస్తాయి. లాభనష్టాలకు కొలత జీతం కాకుండా మూల సూత్రం. కారణాలు ఎటు ఎక్కువ బరువున్నాయో చూసి, ఆ నిర్ణయాన్ని ప్రార్థనలో దేవుడి ముందుంచాలి. తేలకపోతే మూడు ఊహలు సాయపడతాయి: ఇదే చిక్కులో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి ఏ సలహా ఇస్తారో, చనిపోయే ఘడియలో ఏది చేసి ఉంటే బాగుండేదనిపిస్తుందో, తీర్పు దినాన ఏది చెప్పుకోగలరో.

అన్నిటికీ పైన ఒక నిషేధం ఉంది, 318వ పేరాలో. మనసు చీకటిపడి, ప్రార్థన రుచించక, అంతా వృథా అనిపించే రోజుల్లో పాత నిర్ణయాన్ని మార్చకూడదు. అలాంటప్పుడు ప్రార్థన కొంచెం పెంచాలి, పరిశోధన పెంచాలి. లేఆఫ్ ఉత్తరం వచ్చిన వారంలోనే 'దేవుడు ఈ రంగం వద్దంటున్నాడు' అని తేల్చేసుకునేవారికి ఈ ఒక్క నియమం తెలిస్తే చాలా మేలు.

## ఎక్కడ బెడిసికొడుతుంది

మొదటి ప్రమాదం అతి సున్నితత్వం. చిన్నచిన్నవాటినీ ఘోర పాపాలుగా చూసి, చెప్పిన పాపాన్నే మళ్లీ మళ్లీ పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడంలో) చెప్పుకోవడం. ఇగ్నేషియస్‌కే మన్రేసాలో ఈ బాధ ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లింది. ఆయన తర్వాత రాసిన నియమం లోతైనది: శత్రువు (సాతాను) మొద్దుబారిన మనసును మరింత మొద్దుగా, సున్నితమైన మనసును మరింత సున్నితంగా చేస్తాడు. కాబట్టి ఎవరు ఎటు లాగబడుతున్నారో చూసి దానికి ఎదురు నడవాలి. అంటే ఒకే సలహా అందరికీ పనికిరాదు. నిర్లక్ష్యంగా ఉండేవాడికి పరిశోధన పెంచమనాలి, కుమిలిపోయేవాడికి తగ్గించమనాలి. శ్రీసభ చట్టం తప్పనిసరి చేసింది ఘోర పాపాలను కనీసం ఏడాదికొకసారి చెప్పుకోవడాన్ని మాత్రమే. తరచుగా చెప్పుకోవడం మంచిదంటుంది, రోజూ అనదు. నిద్ర, తిండి దెబ్బతినేంత వరకు వస్తే మానసిక వైద్యుణ్ని కలవడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

రెండోది ఇంకా బరువైనది. వినయం పేరుతో బలహీనులను భరించమనడం. తాగొచ్చి కొట్టే భర్తను 'సిలువగా మోయమ్మా' అనే సలహా ఇప్పటికీ వినబడుతుంది. బోధన చూస్తే అది నిలవదు. ఇగ్నేషియస్ గ్రంథం 147వ పేరాలో అవమానాలను కోరుకునే ప్రార్థనకే ఒక షరతు ఉంది: అవతలివారు పాపం చేయకుండా తాను వాటిని సహించగలిగితేనే. కొట్టడం పాపం, కాబట్టి దాన్ని కోరుకోవడం గానీ, కొనసాగనివ్వడం గానీ ఆ ప్రార్థనలో లేదు. శ్రీసభ చట్టం 1153వ నిబంధన ఇంకా సూటిగా ఉంది. జీవిత భాగస్వామి వల్ల ఆత్మకు గానీ శరీరానికి గానీ తీవ్రమైన అపాయముంటే విడిగా ఉండడానికి న్యాయమైన కారణం ఉన్నట్టే. బిషప్ ఆదేశంతో వేరుపడవచ్చు, ఆలస్యంలో ప్రమాదముంటే సొంతంగానే వెళ్లిపోవచ్చు. వివాహ బంధం అలాగే ఉంటుంది, ఒకే ఇంట్లో ఉండాలన్న బాధ్యత ఆగుతుంది.

కులం విషయంలోనూ ఇదే చిక్కు. తెలుగు కతోలికుల్లో దళితులున్నారు, రెడ్డి, కమ్మ కుటుంబాలూ ఉన్నాయి. తగ్గి ఉండమన్న బోధ ఒకరికి కొత్త సాధన అయితే, మరొకరికి తరతరాలుగా బలవంతంగా నెత్తిన పెట్టినదానికి దేవుడి ముద్ర వేసినట్టవుతుంది. అక్వినాస్ కొలత ఇక్కడ పనికొస్తుంది: తనలోని తన సొంత లోటును ఎదుటివారిలోని దేవుడి వరంతో పోల్చి తగ్గాలి. తనలోని దేవుడి వరాన్ని ఎదుటివారి ముందు తగ్గించమని ఆయన అనలేదు. మనిషి గౌరవం దేవుడిచ్చినది కాబట్టి, దాన్ని వదులుకోవడం వినయంలో భాగం కాదు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారతపై విధాన పత్రం తెచ్చింది, సభ లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన మొదటి తెలుగువారు, మొదటి దళితుడు ఆయనే.

విచారణ స్థాయిలో ఇది ఏడాదికొకసారి అందరి కళ్ల ముందు పరీక్షకు వస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో గురువు మోకాళ్ల మీద కూర్చుని కొందరి పాదాలు కడుగుతారు. 2016 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ ఆ నియమం మార్చారు. అంతకుముందు పురుషులకే పరిమితమైన దాన్ని స్త్రీలకూ తెరిచి, ఎంపికైనవారిలో యువకులు, వృద్ధులు, ఆరోగ్యవంతులు, రోగులు ఉండి దైవప్రజలలోని వైవిధ్యం కనిపించాలన్నారు. ఆ కుర్చీల్లో కమిటీ పెద్దలనే కూర్చోబెడతారా, గుడి ఊడ్చే ఆవిడనూ పిలుస్తారా అన్నది తేల్చుకోవలసింది ఆ విచారణ గురువు, ఆయన పరిషత్తు.